మేల్కొలుపు అధికారం

మా జిల్లెడువాగు వడ్ల కొనుగోలు కేంద్రానికి సర్కారు ఒక లాప్‌టాప్ ఇచ్చింది. ఇవ్వలేదని ఎవరూ అనలేరు, ఇస్తున్నప్పుడు తీసిన ఫోటో ఉంది. ఆ లాప్‌టాప్ నిద్రపోయింది. ఇది కూడా ఎవరూ కాదనలేరు, నివేదిక ఉంది. ఫోటోకూ నివేదికకూ నడుమ మా ఊరి పంట మొత్తం గోనె సంచుల్లో కూర్చుని మొగులు వంక చూసింది.

ఆ ఏడాది వడ్లు కొనే శాఖలో రెండు గాలులు ఒకేసారి లేచాయి. మొదటిది లైనక్సు గాలి. లైనక్సు అంటే కంప్యూటరును నడిపే సాఫ్ట్‌వేరు, మంచిదే. అది ఊరుమ్మడి బావి లాంటిది. ఎవరైనా తోడుకోవచ్చు, పైసా అడిగేవాడు లేడు. పూడిక చేరితే కూడా ఎవరైనా దిగి తీయవచ్చు. దిగేవాడు ఒకడుండాలి, అంతే. శాఖవారు బావి తీసుకున్నారు, దిగేవాడిని తీసుకోవడం మరిచారు.

రెండవది కరెంటు పొదుపు గాలి. లాప్‌టాప్‌ను ఎవరూ ముట్టకుండా ఒక తమలపాకు నమిలినంత సేపు ఉంటే, అది తనంతట తానే నిద్రపోవాలని పైనుంచి కట్టడి చేశారు. నిద్రపోవడం దానికి బాగానే వచ్చింది. లేవడం దగ్గరే పేచీ వచ్చింది.

అలా లేవని యంత్రాన్ని లేపడానికి లోకమంతా చేసే పని ఒకటుంది. వెలిగించే మీట మీద వేలు పెట్టి గట్టిగా నొక్కి పట్టుకుంటే అది ఆరిపోతుంది. మళ్లీ నొక్కితే వెలుగుతుంది. అయితే కిందటి ఏడు ఎక్కడో ఎవరో అలా నొక్కిపట్టి, పొద్దటినుంచి రాసినదంతా పోగొట్టారట. మామూలు మనుషులైతే ‘జాగ్రత్తగా నొక్కండి’ అని చెప్పి ఊరుకుంటారు. మన శాఖలో లక్క ఉంది. పరీక్ష కాగితాల కట్టలకు వేయగా మిగిలిన ఎర్ర లక్క. జిల్లా కేంద్రంలో కొబ్బరికాయ కొట్టి, లాప్‌టాపులన్నిటినీ వెలిగించి, మీటల మీద లక్క కరిగించి పోసి, సర్కారు ముద్ర వేసి, మూతలు తెరిచే ఉంచి జీపుల్లో ఊళ్లకు పంపారు. ముద్ర పగలగొట్టాలంటే రాష్ట్ర స్థాయి అనుమతి కావాలి.

మిగిలిన పనులకు కూడా హోదాలు పంచారు. నిద్రపోయిన యంత్రం విషయంలో కేంద్రం ఇన్‌ఛార్జికి మౌస్ కదిపే అధికారం మాత్రమే ఉంది. మూత మూసి తెరిచే అధికారం మండల స్థాయిది. అక్షరాల మీటలు నొక్కే అధికారం జిల్లా స్థాయిది. ఈ ఉత్తర్వుకు ‘యంత్ర మేల్కొలుపు మార్గదర్శకాలు’ అని పేరు పెట్టి, చదవడానికి వీలుగా ప్రతి లాప్‌టాప్‌లోనూ దాచి ఉంచారు. లాప్‌టాప్ మేలుకుని ఉంటే చదవవచ్చు.

మా కేంద్రం ఇన్‌ఛార్జి వనజ. మహిళా సంఘం తరఫున కూర్చుంది, డిగ్రీ చదివింది, ఓపిక ఎక్కువ. ఆ రోజు మధ్యాహ్నానికి అందరి వడ్లూ కాంటా అయ్యాయి, సంచులు కుట్టడం అయింది. వనజ పేర్ల జాబితా లాప్‌టాప్‌లో తెరిచింది. ఇక ఒక్కొక్క రైతు పేరు మీద ‘ఖాయం’ చేయడమే మిగిలింది. ఖాయమైతే లారీ వస్తుంది. కాకపోతే వడ్లు ఎంత బంగారమైనా కల్లం దాటవు. సరిగ్గా అప్పుడే మేకల మంద ఒకటి కుట్టిన సంచుల మీద పడింది. వనజ లేచి అదిలించి వచ్చేసరికి తెర నల్లబడి ఉంది.

మౌస్ కదిపింది. లోపల ఫ్యాను గిర్రుమంది. పక్కన చిన్న దీపం వెలిగింది. తెర మాత్రం మసిబట్టిన పెనంలా అలాగే ఉంది.

“ఏమైంది బిడ్డా?” అంది సాయవ్వ.

సాయవ్వ కౌలు రైతు. కోత మిషను అందరి మళ్లూ తిరిగి ఆమె మడికి ఆఖరున వచ్చింది కాబట్టి జాబితాలో కూడా ఆమె పేరు ఆఖరునే ఉంది. భూమి ఇంకొకరిది, చాకిరీ ఆమెది, ఆ ఏడాది తిండి ఆ సంచుల్లో ఉంది. యాసంగి పంట. పడమట మొగులు కడుతోంది. వాన పడితే వడ్లు మొలకెత్తుతాయి, మొలకెత్తిన వడ్లను మిల్లులో దించుకోరు. మూడు నెలల నుంచి చినుకు కోసం మొక్కిన మనిషి ఇప్పుడు చినుకు వద్దని మొక్కుతోంది.

“పండుకున్నది అవ్వా. లేస్తలేదు.”

“పట్టపగలు పండుకునుడేంది? జరమొచ్చిందా?”

“పొదుపుకు పండుకుంటదట.”

“మా ఆయన గూడ గట్లనే అంటుండె,” అంది సాయవ్వ.

వనజ సహాయ కేంద్రానికి ఫోను చేసింది. ఒక తీయని గొంతు ఆమెను అభినందించింది. ఫిర్యాదును తమ కేంద్రంలోని లాప్‌టాప్ ద్వారానే నమోదు చేయాలని చెప్పి, రోజు శుభంగా గడవాలని కోరుకుని పెట్టేసింది.

చీకటి పడకముందే మండల యంత్ర సమన్వయాధికారి పరాంకుశం గారు మోటారు సైకిలు మీద వచ్చారు. సన్నటి మనిషి, లావుపాటి ఫైలు. వచ్చీరాగానే రైతులందరినీ దూరం జరగమని, చేతులు కడుక్కుని, లాప్‌టాప్ ముందు నిలబడి గొంతు సవరించుకున్నారు.

“సదరు యంత్రము యొక్క మూతను మూయుచున్నాను,” అని ప్రకటించి మూశారు. కాసేపు కళ్లు మూసుకున్నారు. “సదరు మూతను తెరచుచున్నాను.”

తెరిచారు. నల్లగానే ఉంది. మళ్లీ మూశారు. మళ్లీ తెరిచారు. చుట్టూ జనం చేరారు. గారడీవాడు బుట్ట తెరిచినప్పుడల్లా వంగి చూసినట్టు అందరూ ఒక్కసారే వంగి చూస్తున్నారు, ఒక్కసారే లేస్తున్నారు.

హమాలీల మేస్త్రి బక్కయ్య ఉండబట్టలేకపోయాడు. పేరుకే బక్కయ్య గానీ, రెండు సంచులు ఒక్కసారే మోసే మనిషి. “సారూ, మా బర్రె గిట్ల పండుకుని లేవకుంటే తోక మెలేస్తం. దీనికి తోక లేదా?”

“ఉన్నది,” అన్నారు పరాంకుశం గారు చార్జరు తీగను చూపిస్తూ. “కానీ తోకను ముట్టుకొనుట మండల పరిధిలోనిది కాదు.”

“మరి ఆ ఎర్రటి ముద్ర తీసేసి ఒక్కసారి నొక్కరాదుండ్రి,” అంది వనజ.

ఆయన ఆమె వైపు గుడిలో చెప్పులు వేసుకున్న మనిషిని చూసినట్టు చూశారు. “అమ్మా, అది సర్కారు ముద్ర. దాని కింద ఉన్నది మీట కాదు, విధానము.”

ఫైలు తెరిచి అక్కడికక్కడే నివేదిక రాశారు. ‘జిల్లెడువాగు కేంద్రమునందలి యంత్రము గాఢనిద్రలో ఉన్నది. శ్వాస ఆడుచున్నది. చూపు లేదు.’ దాన్ని ఫోటో తీసి ఫోనులోనే జిల్లాకు పంపారు. జిల్లావారు ‘పరిశీలించి ధ్రువీకరించడమైనది’ అని రాసి రాష్ట్రానికి పంపారు. రాష్ట్రం వారు, ఇంత త్వరగా ఒక సమాచారం తమకు చేరడం శాఖ చరిత్రలో మొదటిసారి కాబట్టి, అందరినీ మెచ్చుకుంటూ జవాబిచ్చారు. యంత్రం నిద్రపోతోందన్న మాట ఆ విధంగా అధికారికంగా స్థిరపడిపోయింది.

అంతటితో ఆగలేదు. మిగతా కేంద్రాల్లో యంత్రాలు నిద్రపోకుండా ముందు జాగ్రత్తగా ప్రతిచోటా ఒక జాగరణ సిబ్బందిని నియమించమని తెల్లారేసరికి ఉత్తర్వు దిగింది. ఆ మనిషి పని మౌస్‌ను కదుపుతూ ఉండడం. మౌస్ కదిపే మనిషికి కునుకు పడితే ఎలాగన్న సందేహం వచ్చి, అతన్ని కదపడానికి ఇంకొక మనిషిని వేశారు. పక్క ఊరు రేగులకుంటలో మనుషులు దొరకలేదు. అందరూ సంచులు మోస్తున్నారు. వాళ్లు మౌస్‌ను తాడుతో ఒక మేకపోతు మెడకు కట్టారు. మేకపోతు తల ఆడించినంత సేపూ యంత్రం మేలుకుని ఉండేది. ఆ పోతుకు పెట్టే తుమ్మకాయలను ఇంధనం కింద చూపించాలా, జీతం కింద చూపించాలా అని రెండు విభాగాల మధ్య ఉత్తర ప్రత్యుత్తరాలు మొదలయ్యాయి. మా దగ్గర అప్పటికే నిద్రపోయింది కాబట్టి మాకు పోతును ఇవ్వలేదు.

మరునాడు మధ్యాహ్నానికి మొగులు నెత్తి మీదికి వచ్చేసింది. ఊరి మలుపులో లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. ఖాయం కాని వడ్లను ఎక్కించుకోరు కాబట్టి డ్రైవర్లు వాటి నీడన పేకాడుతున్నారు. ఉన్న పరదాలు సగం సంచులకే సరిపోయాయి. సాయవ్వ ఇంటి నుంచి రెండు చీరలు తెచ్చి తన కుప్ప మీద కప్పింది. అవి వానను ఆపవని ఆమెకు తెలుసు. చేతులు ఊరుకోవు.

అప్పుడు జీపు వచ్చింది. అందులోంచి జిల్లా యంత్ర పర్యవేక్షణాధికారి విశ్వంభర రావు గారు దిగారు. నిండైన విగ్రహం. ఆయన వెనక పరాంకుశం గారు ఒక మెత్తటి కుర్చీ మోసుకుంటూ వచ్చారు.

విశ్వంభర రావు గారు కూర్చుని, కుడిచేతి చూపుడు వేలిని రుమాలుతో తుడిచి, పెద్ద అక్షరాల మీట ఒకటి నొక్కారు. దాని మీద ఉన్న చిన్న దీపం వెలిగింది. మళ్లీ నొక్కారు. ఆరింది.

“సార్, దీపం వెలుగుతున్నదంటే లోపల తెలివి ఉన్నట్టే గద,” అంది వనజ.

“కాదమ్మా. ఇది స్వప్నావస్థ,” అన్నారు ఆయన. “నిద్రలో మనిషి కాలు కదిలించును. అంతమాత్రాన నడిచినట్టు కాదు. రాసుకోండి పరాంకుశం. యంత్రము కల కనుచున్నది.”

పరాంకుశం గారు రాసుకున్నారు.

“తదుపరి, నియమావళి ననుసరించి, ఎంటర్ మీటను తగినన్ని మార్లు నొక్కవలెను.” ఆయన నొక్కారు. తెర నల్లగానే ఉంది. జనంలో ఎవరి జేబులోనో ఫోను ‘టింగ్’ మంది.

“ఫోనులు ఆపండి. సాంకేతిక ప్రక్రియ జరుగుతున్నది,” అని పరాంకుశం గారు కసిరారు.

మళ్లీ నొక్కారు. ఇంకో జేబులో టింగ్. మళ్లీ నొక్కారు. ఇంకెక్కడో టింగ్. మొదటి ఫోను మోగిన మనిషి తీసి చూసుకుని, పక్కవాడికి చూపించాడు. పక్కవాడు బక్కయ్యకు చూపించాడు. బక్కయ్య దాన్ని వనజ ముందు పెట్టాడు. ‘మీ వడ్లు కొనుగోలు చేయబడినవి. లారీకి సమాచారం ఇవ్వబడినది’ అని ఉంది.

వనజ నల్లటి తెర వైపు ఒకసారి, సారు వేలి వైపు ఒకసారి చూసింది. ముఖంలో ఏమీ కనబడనీయకుండా వెనక్కి జరిగి, సాయవ్వ చెవిలో మెల్లగా చెప్పింది.

“అవ్వా, అది ఎప్పుడో లేచింది. మొకం ఒక్కటే కనిపిస్తలేదు. నిన్న నేను పేర్ల జాబితా తెరిచి పెట్టిన. సారు నొక్కినప్పుడల్లా ఒక పేరు ఖాయమై, ఎనకాల పేరు ముందుకొస్తున్నది.”

“నాది?”

“నీది ఆఖరుకు.”

ఆ మాట పది నోళ్లు దాటడానికి ఎంతో సేపు పట్టలేదు. అంతవరకు సారును కొరకొరా చూస్తున్న జనం ఒక్కసారిగా ఆయన మీద ప్రేమ పెంచుకున్నారు. ఒకరు విసనకర్ర తెచ్చి విసరసాగారు. ఒకరు మజ్జిగ తెచ్చారు.

“నొక్కుండ్రి సారూ, మీ చెయ్యి మంచిది.”

“గట్ల జిల్లాలో ఎవ్వలు నొక్కరు సారూ.”

“వేలు చూసినవార, మీట మీద ఎట్ల పడుతున్నదో!”

విశ్వంభర రావు గారికి ఉద్యోగంలో చేరిన తర్వాత ఇంత ఆదరణ ఎక్కడా దొరకలేదు. ఆయన ఉత్సాహంగా నొక్కారు. టింగు టింగుమని కల్లమంతా బంతి పూలు విచ్చుకున్నట్టు ఫోనులు మోగాయి. ‘ఈ గ్రామమునందు ఫోనుల వాడకము అధికముగా నున్నది’ అని పరాంకుశం గారు నివేదికలో ఒక వాక్యం చేర్చారు.

నొక్కగా నొక్కగా సారుకు వేలు నొప్పి పుట్టింది. పడమట ఉరిమింది. జీపు డ్రైవరు వచ్చి, వాన వస్తే వాగు దాటలేమని చెప్పాడు. విశ్వంభర రావు గారు చేయి విదిలించి లేచారు.

“తగినన్ని మార్లు నొక్కడమైనది. స్పందన శూన్యము. రాసుకోండి.”

విసనకర్ర ఆగిపోయింది. అప్పటికి మిగతా అందరి ఫోనులూ మోగాయి. సాయవ్వది మోగలేదు.

“సారూ, ఇంకొక్కటి,” అన్నాడు బక్కయ్య.

“ఎందుకు?”

బక్కయ్యకు సంచి ఎంత బరువైనా లెక్క లేదు గానీ, ఈ ప్రశ్న మోయలేకపోయాడు. “ఊకెనే సారూ. సరదాకు.”

“సర్కారు మీట సరదాకు కాదు.” ఆయన జీపు వైపు అడుగు వేశారు.

సాయవ్వ ఆయన దారికి అడ్డంగా వచ్చి నిలబడింది. దండం పెడుతుందేమోనని ఆయన ఆశీర్వాదానికి చేయి సగం ఎత్తారు. ఆమె దండం పెట్టలేదు. నడుం మీద చేతులు పెట్టుకుంది.

“ఏం సారువయ్యా నువ్వు! గింత నిండు మనిషివి, వేలల్ల బలమే లేకపాయె. పెసరకాయ ఒలిచినట్టు నొక్కితే ఏది లేస్తది? మా ఊళ్లె బడిపోరగాండ్లు గూడ నీకంటె గట్టిగ నొక్కుతరు.”

పరాంకుశం గారి కలం కింద పడింది. విశ్వంభర రావు గారి ముఖం లక్క ముద్ర రంగుకు తిరిగింది.

“అమ్మా, ఇది బలానికి సంబంధించిన విషయం కాదు. శాస్త్రం!”

“శాస్త్రం జెప్పెటోళ్లందరు చెయ్యి సన్నపోళ్లే.”

“నీకు ఎలా చెప్పాలి?” ఆయన గిర్రున వెనక్కి తిరిగారు. లాప్‌టాప్ దగ్గరికి వచ్చి, బొటనవేలు ఎత్తి, రోకలి దించినట్టు ఎంటర్ మీద దించారు. “ఇదిగో! నొక్కాను! ఏమైనా అయిందా? కళ్లు తెరిచి చూసి చెప్పు, ఏమైనా అయిందా?”

సాయవ్వ రొంటిన దోపుకున్న బటన్ ఫోను, పెళ్లిలో బ్యాండు మేళం మొదలైనట్టు, కల్లమంతా వినబడేలా మోగింది.

“ఏం గాలేదు సారూ,” అంది సాయవ్వ తల వంచి. “నువ్వు జెప్పిందే నిజం.”

ఆయన గెలిచిన మనిషిలా చుట్టూ చూశారు. ఆ చూపు రోడ్డు మలుపు దగ్గర ఆగిపోయింది. లారీలు ఒకదాని వెనక ఒకటి కల్లంలోకి వస్తున్నాయి.

“ఈ లారీలను ఎవరు రమ్మన్నారు?”

“మీరే సార్,” అన్నాడు ముందు లారీ డ్రైవరు ఫోను చూపిస్తూ. “మొత్తం ఊరు ఖాయం. ఇంత తొందరగ ఏ కేంద్రంల కాలేదు.”

పరాంకుశం గారు ఫోను చదివారు. తర్వాత తన నివేదిక చదివారు. మళ్లీ ఫోను చదివారు. ఆయన ముఖంలో ఫ్యాను తిరుగుతోంది గానీ తెర రావడం లేదు.

“సార్, యంత్రం కొనేసింది!”

“ఎలా కొంటుంది? నిద్రలో ఉన్నదని మనం ధ్రువీకరించాం కదా!”

“మరి రద్దు చేద్దామా సార్?”

“చేద్దాం. ఎలా?”

రద్దు పద్ధతి పరాంకుశం గారికి కంఠతా వచ్చు. ‘యంత్రము మెలకువలో ఉండగా పొరపాటున నమోదైనది’ అని జిల్లా అధికారి స్వయంగా సంతకం చేయాలి. పొరపాటు చేసిన వేలు ఎవరిదో కూడా అక్కడే చెప్పాలి.

విశ్వంభర రావు గారు తన వేలు చూసుకున్నారు. మెలకువలో ఉందని సంతకం చేస్తే నిద్రలో ఉందన్న నివేదిక అబద్ధమవుతుంది. ఆ నివేదికను రాష్ట్రం మెచ్చుకుంది. రాష్ట్రం మెచ్చుకున్నదాన్ని అబద్ధం అంటే రాష్ట్రమే నిద్రలో ఉన్నట్టవుతుంది. ఆయన వేలిని జేబులో పెట్టుకున్నారు.

“పరాంకుశం గారూ, నిద్రలో ఉన్న యంత్రము వడ్లు కొనరాదని ఏ ఉత్తర్వులోనైనా ఉన్నదా?”

“లేదు సార్.”

“అయితే యంత్రము నిద్రలోనే కొన్నది. ఎక్కించమనండి.”

బక్కయ్య వేసిన కేక అవతలి ఊరికి వినబడి ఉంటుంది. హమాలీలే కాదు, ఊరు ఊరంతా సంచులకు భుజం పట్టింది. వనజ కుర్చీ వదిలి తలపాగా చుట్టింది. వాగు దాటలేమని తొందరపెట్టిన జీపు డ్రైవరు కూడా ఊరికే కూర్చోలేక రెండు సంచులు అందించాడు. సాయవ్వ కుప్ప ఆఖరున ఎక్కింది. పైన తాడు బిగించి లారీ రోడ్డెక్కుతుండగా మొదటి చినుకు ఆమె చెంప మీద పడింది. ఆమె తుడుచుకోలేదు. తన చీరలు రెండూ దులిపి, ఒకటి వనజకు కప్పి, ఇంకొకటి పరాంకుశం గారి ఫైలు మీద కప్పింది. ఆయన మొదటిసారి మా ఊరి మాటలో “సల్లగుండు అవ్వా” అన్నారు.

వారం తిరగకుండా కొత్త ఉత్తర్వు వచ్చింది. జిల్లెడువాగు యంత్రము గాఢనిద్రలో ఉండి, మెలకువలో ఉన్న యంత్రములన్నిటికన్న వేగముగా వడ్లు కొన్నందున, ఇకపై అన్ని కేంద్రములందును యంత్రములను నిద్రపుచ్చియే పని చేయించవలెనని, మేల్కొలుపుటకు ఎవ్వరును ప్రయత్నించరాదని అందులో ఉంది. పక్క జిల్లాల నుంచి అధికారులు బస్సుల్లో వచ్చి మా నల్లటి తెర ముందు నిలబడి, చేతులు కట్టుకుని, నోటుపుస్తకాల్లో ఏమేమో రాసుకుని వెళ్లారు.

ఆ తిరునాళ్ల నడుమ ఒకరోజు సాయవ్వ మిల్లు నుంచి వచ్చిన రసీదు తీసుకోవడానికి కేంద్రానికి వచ్చింది. రసీదు కొంగున ముడి వేసుకుని, లాప్‌టాప్ వైపు తొంగి చూసింది.

“ఇంకా లేవలేదా బిడ్డా?”

“లేవలేదవ్వా. ఇప్పుడు నాకు మందు దొరికింది. తెరను లేపే చిన్న సెట్టింగు ఒకటి ఉన్నదట, ఎవరో లైనక్సు తెలిసినాయన ఫోన్ల చెప్పిండు. మారుద్దామా?”

సాయవ్వ చప్పున ఆమె చేయి పట్టుకుంది.

“వద్దు బిడ్డా, పండుకోనీ. లేచిందంటే మళ్ల సార్లొస్తరు.”